నన్ను ఉపమానం చెయ్యకు

సారు దగ్గర ఉండడానికి కోదాడ నుంచి వచ్చిన ఆయన కూతురు తెల్లవారగానే ఫోన్ చేసింది. "అన్నా, నాన్న పోయారు. నిద్రలోనే. ఇక ఆ ఆయాసం లేదన్నా" అంది. "ప్రభువుకు స్తోత్రం" అన్నాను. తప్పుగా అనుకోకండి. సూర్యాపేట దవాఖానలో ఆయన ఒక్కో ఊపిరి కోసం కొట్లాడడం చూసినవాణ్ణి. ఆ కొట్లాట ఆగిందంటే నా నోట ఇంకో మాట రాలేదు.

వెంటనే భయం పట్టుకుంది. ఆయనకు నేనొక మాట ఇచ్చి ఉన్నాను.

సారు మిర్యాలగూడలో తెలుగు చెప్పి రిటైరై, సూర్యాపేటలో మా పక్కింట్లో ఉండేవారు. నేనేమో ఏడో తరగతితో బడి వదిలి, బైబిలు చంకన పెట్టుకుని ఊరూరా వాక్యం ప్రకటించేవాణ్ణి. నేను వేములపల్లిలో గొంతెత్తితే మిర్యాలగూడలో పిల్లలు ఉలిక్కిపడి లేస్తారని ఆయన ఎగతాళి. ఒకరోజు నా చేతిలో పాత నవల ఒకటి పెట్టారు. ఆస్తి కోసం అన్నదమ్ములు కొట్టుకునే ఇల్లు, అందులో వాళ్ల ముసలి తల్లి, ఆ ఇంటి గడపకు చెదలు. నేను ఊరుకుంటానా? చదవగానే వెళ్లి విప్పి చెప్పాను. చెదలు సైతాను, గడప ఆత్మ, తల్లేమో సంఘం, గోడ మీది బల్లి కూడా ఏదో ఒకటి.

"ఆగవయ్యా! చెదలు సైతానైతే, పెద్దకొడుకు పోసిన కిరసనాయిలు ఎవరు?"

నిజంగానే ఆలోచించాను. "వాక్యమేమో సారూ."

నవ్వి నవ్వి ఆయనకు దగ్గొచ్చింది.

"సూడు, కొన్ని కథలకు తాళం ఉంటది. ఆశ అని ఒక మనిషొస్తడు, కోపం అని ఇంకో మనిషొస్తడు. తాళంచెవి గూడ రాసినోడే ఇస్తడు. గీ కథకు తలుపు తెరిచే ఉన్నది, ముందు లోపలికి పో. గా ముసలమ్మ పక్కన పండుకొని, కర్ర కొరికే సప్పుడు విను. ఇల్లు కూలుతదేమోనని భయపడు. అర్థం నీ ఎన్కనే వస్తది. కథల వాన పడితే ముందు తడువు, ఎందుకు పడ్డదో తర్వాత అడుగు."

ఆనాటి నుంచి ప్రభువు చెప్పిన కథల్లోని విత్తనాన్ని ముందు విత్తనంగానే చూపించాను. రాతినేలలో అది మాడిపోవడం చెబుతుంటే తిరుమలగిరి రైతులు తలలెత్తి విన్నారు. ఎండిన చేను వాళ్లకు తెలుసు.

చివరి రోజుల్లో సారు మాస్కు పక్కకు జరిపి అన్నారు: "నేను పోయినంక మైకు నీకే ఇస్తరు. నన్ను దీపమనకు, సముద్రమనకు. నన్ను ఉపమానం చెయ్యకు. మనిషినని చెప్పు. మాటియ్యి."

"ఇచ్చిన సారూ."

"నీతోని అయితదా?" కళ్లతోనే నవ్వారు.

మిర్యాలగూడలో సంతాప సభ. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు సారును దీపం చేశారు, సముద్రం చేశారు, ఒకాయన హిమాలయం దాకా వెళ్లారు. నా నాలుక ఎంత దురద పెట్టిందో! చేతిలో వాక్యం ఉంది, అందులో దీపాలకు కొదవా? మూసే ఉంచాను. సారు మిర్చిబజ్జీలో మిరపకాయ తీసి పక్కన పెట్టేవారని చెప్పాను. అరువిచ్చిన పుస్తకం తిరిగి అడగలేక మన ఇంటి ముందు ఊరికే పచార్లు చేసేవారని చెప్పాను. అంచున చిల్లు పడ్డ గొడుగు పారేయమంటే, "మిగతాదంతా ఆపుతనే ఉన్నది గద" అనేవారని చెప్పాను. జనం నవ్వారు. కూతురు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. కూర్చున్నాను. మోస్తున్న మూట దించినట్టయింది.

అప్పుడే షామియానా మీద చినుకులు మొదలయ్యాయి. పక్కనున్న పెద్దాయన నా మోచేయి పొడిచాడు.

"ఆకాశం గూడ ఏడుస్తున్నదని ఒక్క మాట అనకపోతివి పాస్టరూ! మంచి ఛాన్సు పాయె."

"వాన పడుతున్నది పెద్దయ్యా, గంతే."

వెళ్లబోతుంటే కూతురు సారు గొడుగు నా చేతిలో పెట్టింది. "ఉంచుకో అన్నా" అంది. వేసుకుని బస్టాండు దాకా నడిచాను. ఎడమ భుజం తడుస్తూనే ఉంది.