రెండో డికాషన్

గుడివాడ స్టేషన్లో బందరు రైలు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న పెద్దావిడ తన ఫ్లాస్కులోంచి నాకు కాఫీ పోశారు. భర్తకు మాత్రం వేరే ఫ్లాస్కులోంచి పోశారు. ఆయన చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లగానే గొంతు తగ్గించారు.

“ఆయనకి గుండె దడమ్మా. డాక్టరు వద్దన్నా కాఫీ మానరు. పొడి మెత్తగా ఆడిస్తే కెఫీన్ చాలావరకు మొదటి డికాషన్‌లోనే దిగిపోతుందంట. అందుకే ఆయనకి రెండోది కలుపుతున్నా. తెలిసిందంటే హోటలుకెళ్లి తాగేస్తారు.”

ఆయన తిరిగొచ్చి రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూశారు.

“నీది చిక్కగా ఉందే! ఇంకా తాగలేదుగా? ఇలా ఇవ్వమ్మా, మార్చుకుందాం.”

చెయ్యి చాపేశారు. ఫ్లాస్కు మూత బిగిస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నేను గబుక్కున గ్లాసెత్తి, పొగలు కక్కుతున్న కాఫీ ఒక గుక్క మింగేశాను. నాలుక భగ్గుమంది.

“అయ్యో, ఎంగిలైపోయిందండీ.”

ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్లింది. ఆవిడ నీళ్ల సీసా మూత తీసి నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు మా ఆయనకీ డాక్టరు కాఫీ వద్దన్నారు. ఈయనా మానరు. ఈమధ్య నా గ్లాసు వైపే చూస్తున్నారు. ఆలుమగల మధ్య ఎంగిలి పట్టింపేముంది? అందుకే మొదటి డికాషన్ పారబోసి, నేనూ రెండోదే తాగుతున్నాను.