బెల్టు గేజీతో నా పోట్లాట

మొన్న ఆదివారం పెన్నంత వస్తువుతో పోట్లాడి చిత్తుగా ఓడిపోయానండీ!

మా అమ్మాయిది కరెంటు బైకు. గరివిడిలో ఉద్యోగం, రోజూ దాని మీదే. దానికి చైను ఉండదు, పళ్ళున్న రబ్బరు బెల్టు. చప్పుడు లేదు, గ్రీజు మరక లేదు, ఎంత అందంగా తిరుగుతుందో! ఈమధ్య వదులైనట్టుందని చవకలో ఒక గేజీ తెప్పించింది. లోపల స్ప్రింగు ఉంటుంది. బెల్టు నడిమధ్య ఆనించి గీత దాకా నొక్కి, బెల్టు ఎంత జరిగిందో చూడాలి. అంతే!

"షోరూముకి తీసుకెళ్తాను నాన్నా, రేపు పొద్దున్నే డ్యూటీ" అంది.

"షోరూమెందుకమ్మా, నేను లేనేటి? నువ్వు నీ ఫ్రెండింటికి ఎళ్ళొచ్చీసరికి రెడీ సేసెత్తాను!" అన్నాను.

అప్పుడే పొందూరు నుంచి మా అక్క మొగుడు వచ్చాడు. ఆగిన బండి కనబడితే మా బావ ఎక్కి కూర్చోవాల్సిందే. అరుగు మీద కూర్చోబెడితే ఆయనకి కబుర్లు రావు.

నొక్కాను. బెల్టు రాయి! వెనక చక్రం నట్టు విప్పి లూజు చేశాను. బావ టీకి దిగాడు. మళ్ళీ నొక్కితే బట్టల దండెంలా ఊగింది! బిగించాను. బావ గ్లాసుతో మళ్ళీ ఎక్కాడు. నొక్కితే మళ్ళీ రాయి!

"బావా, ఇది గడియకో మాట సెప్తన్నాది!"

"సవక సరుకు మరెలాగుంటాదిరా బామ్మర్దీ, అవతల పారీ!" అన్నాడు, సీటు మీద ఇంకాస్త సర్దుకుని.

పొద్దు వాలుతోంది. నట్టు విప్పేసి ఉంది. పిల్ల వచ్చేస్తుంది! ఒళ్ళు మండి గేజీని పెరట్లోకి విసిరేశాను.

"అయ్యో, మరీ అంత కోపమేట్రా!" అంటూ దాన్ని తేవడానికి బావ బండి దిగాడు.

అప్పుడు చూశానండీ! బైకు వెనక భాగం ఊపిరి పీల్చుకున్నట్టు అంత ఎత్తున పైకి లేచింది. బావ బరువుకి అది కుంగినప్పుడల్లా బెల్టు బిగుసుకుంటోందన్నమాట!

లోపల్నుంచి మా ఆవిడ ఒకటే నవ్వు.

బావకి దండం పెట్టి అరుగు మీద కూర్చోబెట్టాను. బిగించి కొలిచాను. మళ్ళీ కొలిచాను. ఒకటే మాట! బావ ఎక్కినా దిగినా ఆ గేజీ పసిగట్టేసింది. పెరట్లో పడి కూడా చెక్కు చెదరలేదు. ఏం పనితనమండీ!

అమ్మాయి వచ్చి కొలిచి చూసుకుంది.

"భలే కుదిరింది నాన్నా! మొదటిసారికే?"

"నాకెంతసేపమ్మా!" అన్నాను.

ఆ పూటంతా ఆ చవక గేజీ ఒక్క అబద్ధం ఆడలేదు. ఆ లోటు నేను తీర్చాను.