పొడల పెట్ట కాలు

మోకాళ్ళ నొప్పికి డాక్టర్లు రాసిన మందులన్నీ వాడి విసిగిపోయి, ఈ మధ్య మళ్ళీ ఆముదం దగ్గరికే వచ్చాను. తిరుపతిలో మా వీధి చివర గానుగ నూనెల అంగట్లో కొన్న ఆముదాన్ని చిన్న గిన్నెలో పోసి సన్నని మంట మీద పెడితే, అది వేడెక్కేటప్పుడు ఒక జిగట వాసన ఇల్లంతా పరుచుకుంటుంది. పిల్లలు ముక్కు మూసుకుని బాల్కనీలోకి పారిపోతారు. నేను గిన్నె పక్కనే నిలబడతాను. ఆ వాసన వెంట చిత్తూరుకు దక్షిణాన, అరవదేశం పొలిమేరలో ఉన్న మా ఊరూ, మా పెరడూ, వేలికి ఆముదం రాసుకుని కోడిపెట్టను ఒళ్ళో తిరగేసి పట్టుకున్న మా అవ్వా వస్తారు. వద్దన్నా వస్తారు.

డెబ్బైల చివరి మాట ఇది. ఎండాకాలం వచ్చిందంటే బెంగుళూరా మామిడికాయలు బండ్ల మీద మండీలకు పోతూ దారి పొడవునా పులుపు వాసన వదిలేవి. మేము బండి వెనక పరిగెత్తి, రాలిన కాయకు ఉప్పూ కారమూ అద్దుకుని పళ్ళు జివ్వుమనేదాకా తినేవాళ్ళం. పొద్దున రాగిసంగటి, మధ్యాహ్నం ఉల్లిగడ్డ నంజుకుని అంబలి, సాయంత్రం వేయించిన చెనిక్కాయలు, ఆ మధ్యలో ఎక్కడ ఏది దొరికితే అది. తూనీగల తోకలకు దారం కట్టి ఎగరేసేవాళ్ళం. కంచె మీద తల ఊపుతున్న తొండను రాళ్ళతో కొట్టి, అది వెల్లకిలా పడితే కేరింతలు కొట్టేవాళ్ళం. బాల్యం అమాయకమైనదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. వాళ్ళు తూనీగను అడిగి ఉండరు.

మా అవ్వ, అంటే మా నాయనకు అమ్మ, ఎర్రగా ఎండిన మనిషి. మాట కరుకు, చెయ్యి ఇంకా కరుకు. ఆమె కడుపున పుట్టిన చిన్న కొడుకు పసితనంలోనే అమ్మవారు పోసి పోయాడు. మొక్కిన కోడిని ఆ యేడు జాతరలో ఇవ్వకుండా వచ్చే యేటికి చూద్దామనుకున్నందుకే గంగమ్మ బిడ్డను తీసుకుపోయిందని అవ్వ నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించే మొనగాడు మా ఇంట్లో పుట్టలేదు. అందుకే ఒక యేడు చెనిక్కాయలు పెరికే రోజుల్లో నాకూ అమ్మవారు పోసి, వేపాకు పరుపు మీద నేను ఒళ్ళు కాలుతూ పలవరిస్తుంటే, ఆమె పెరట్లోకి పోయి, ఉన్న కోళ్ళలోకెల్లా బాగా గుడ్లు పెట్టే, ఒళ్ళంతా మచ్చలున్న పొడల పెట్టను పట్టుకొచ్చింది. దాన్ని నా తల చుట్టూ తిప్పి, కాలికి పసుపు దారం కట్టి, బిడ్డను లేపితే ఇది నీదే తల్లీ అని మొక్కుకుంది.

నేను లేచాను. ఆ దారం ఎందుకని అడిగితే దిష్టికని చెప్పారు. మొక్కు సంగతి ఇంట్లో పెద్దలందరికీ తెలుసు, నాకు తప్ప. మొక్కుకోడిని అమ్మకూడదు, తల్లికి ఇవ్వకముందు ఇంట్లో వండుకోకూడదు, దాని బదులు ఇంకో కోడిని ఇవ్వకూడదు. తల్లికి ఇచ్చేది కన్నూ ముక్కూ కాలూ సరిగా ఉన్నదై ఉండాలి. గుడ్డిది, కుంటిది పనికిరాదు. ఇదంతా మా ఊళ్ళో శాసనం కంటే గట్టి మాట.

జాతర ఇంకా దూరంగా ఉండగా ఒక ఉదయం పొడల పెట్ట కట్టెల పోగు పక్కన ఈకలు విప్పుకుని, కళ్ళు అరమూసి, తోక కొట్టుకుంటూ కూర్చుంది. మేత చల్లినా లేవలేదు. అవ్వ దాని కడుపు కింద చెయ్యి పెట్టి చూసి, "గుడ్డు అడ్డం తిరిగిండాది" అంది. అమ్మ వేడినీళ్ళు తెచ్చింది. పెట్టను నీళ్ళ ఆవిరికి పట్టి, ఆముదం రాసిన వేలు లోపలికి పెట్టి, రెండో చేత్తో కడుపు మెల్లగా నొక్కుతూ అవ్వ చాలాసేపు కష్టపడింది. పెట్ట అరవలేదు. ముక్కు తెరిచి రొప్పుతూ నా వైపే చూసింది. చివరకు గుడ్డు నెత్తుటి చారలతో జారి అవ్వ చీర కుచ్చిళ్ళలో పడింది. పెట్టను కింద పెట్టగానే ఎడమకాలు ఒక పక్కకు జారిపోయింది. ఆ నెత్తురు చూసి మిగతా కోళ్ళు, అందులో అది పొదిగి లేపిన పిల్లలు కూడా, వచ్చి దాన్ని పొడవడం మొదలుపెట్టాయి. రెక్క కింద దాచి పెంచిన తల్లినే అవి పొడుస్తుంటే చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఇంక ఇది లెయ్యదుమా. ఊరికే బాధ పెట్టేదానికంటే కోసేస్తే పోలా?" అన్నాడు నాయన.

అవ్వ తల ఎత్తి ఆయన వైపు ఒక్క చూపు చూసింది. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అవ్వ పెట్టను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నీ సెయ్యి సల్లని సెయ్యి మే. నువ్వు సేస్తేనే ఇది లేస్తాది" అంది.

అవ్వ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నేను పొంగిపోయాను. ఆ వేసవిలో నాకు వేరే లోకం లేకుండా పోయింది. చింతాకు ఉడికించి, గుడ్డలో మూటకట్టి, చెయ్యి ఓర్చుకునే వేడిలో కాలికి కాపడం పెట్టేదాన్ని. తరువాత ఆముదం రాసి, తొడ నుంచి వేళ్ళదాకా నిమిరేదాన్ని. ఉత్తకుండలో తడిపేడా పాతగడ్డీ కుక్కి గట్టు కింద బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పట్టేవి. వాటిని గంప కింద దులిపితే పెట్ట కూర్చున్న చోటి నుంచే మెడ చాచి ఏరుకునేది. అవ్వ తన పాతచీర చించి దూలానికి ఉయ్యాల కట్టి ఇచ్చింది. అందులో కడుపు ఆనించి పెట్టను వేలాడదీస్తే కాళ్ళు రెండూ నేలను తాకేవి. కుంటికాలు మొదట గుడ్డపేలికలా ఈడ్చుకునేది, ఆ తరువాత నేలను గీరేది, కొన్నాళ్ళకు తన్నడం నేర్చింది. నా ఈడు పిల్లలు మామిడితోపులో ఉప్పుబేరలాడుకుంటుంటే నేను ఉయ్యాల పక్కన కూర్చుని బా బా బా అని పిలుస్తూ ఉండేదాన్ని. నా గొంతు వింటే చాలు అది మెడ తిప్పేది.

అమ్మ ఒక్కతే సంతోషపడలేదు. ఒకరోజు అవ్వ చేనికి పోయినప్పుడు, బియ్యం కడుగుతూ తల ఎత్తకుండా అంది: "అట్లే ఉండనీ పాపా. కుంటిదైతే మాత్రం బతకదా?"

నేను విననట్టే ఉన్నాను. అమ్మకు కోళ్ళంటే విసుగని, పెంట ఎత్తలేక అలా అంటోందని అనుకున్నాను. ఆమె అంతకంటే విప్పి చెప్పలేకపోయింది. అత్త మాటకు ఎదురు చెప్పి ఆ ఇంట్లో అన్నం తిన్న కోడలు లేదు. పైగా ఆ మొక్కు నా ప్రాణానికి కట్టిన మొక్కు. కోడి వైపు మాట్లాడితే కన్నబిడ్డకు ఎదురు మాట్లాడినట్టే అవుతుంది. ఆమె కడుపులో ఎంత నలిగిందో ఇప్పుడు తెలుస్తోంది.

ఊళ్ళో జాతర చాటింపు వేసిన వారమే పొడల పెట్ట ఉయ్యాల దిగి పెరట్లో నడిచింది. మొదట వంగుతూ, తరువాత నిటారుగా. నేను గొంతు చించుకుని అందరినీ పిలిచాను. అవ్వ వచ్చింది. పెట్టను ఎత్తి, మండీలో కాయ నొక్కి చూసే వ్యాపారిలా కాలును కీలుకీలునా నొక్కి చూసింది. మళ్ళీ నేల మీద వదిలి, నడిపించమంది. నేను పిలిచాను, అది నా దగ్గరికి నడిచి వచ్చింది. అవ్వ నా నెత్తి నిమిరి, "గెలిస్తివి మే" అంది. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జాతర రోజు నాకు తలంటి, కొత్త పావడ కట్టి, పెట్టను నా చేతికే ఇచ్చారు. గంగమ్మ గుడి ముందర అంబలి గంగాళాలూ, వేపమండలూ, పలక డప్పుల మోతా, కాళ్ళు కట్టేసిన కోళ్ళూ. నెత్తుటికి నేల నల్లబడి ఈగలు ముసురుతున్నాయి. అక్కడ అవ్వ దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని, పసుపునీళ్ళు చల్లి, కత్తి పట్టుకున్న మనిషికి అందించినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఇంతలో పెట్ట ఆయన పట్టు తప్పించుకుని కిందికి దూకి పరుగందుకుంది. జనం కాళ్ళ మధ్య నుంచి రెండు కాళ్ళ మీదా గట్టిగా పరిగెత్తింది. ఒక ముసలాయన "అబ్బా, ఏం ఉరుకు ఉరికిందబ్బా!" అని మెచ్చుకున్నాడు. పొలాల వైపు దారి బారున తెరిచే ఉంది. అది అటు పోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి నా పావడ కుచ్చిళ్ళలో దూరింది. అవ్వ వంగి దాన్ని అక్కడి నుంచే తీసుకుంది.

ఆ సాయంత్రం విస్తరి ముందు నన్ను కూర్చోబెట్టారు. మొక్కు నా పేరిట కాబట్టి మొదటి ముద్ద నాదేనట. ప్రసాదం వద్దంటే తల్లికి కోపం వస్తుందట. అవ్వ పులుసులోంచి కాలిముక్క వెతికి తీసి నా సంగటి మీద వేసి, "తిను. బాగా గట్టిపడిండాది కాలు" అంది. ఎగతాళికి కాదు, నిజంగా సంతోషంతోనే అంది. తన బిడ్డకు తీర్చలేని మొక్కు మనవరాలికి తీర్చాననే తృప్తి ఆమె ముఖం మీద ఉంది. అంత ప్రశాంతంగా ఆమెను నేను మళ్ళీ చూడలేదు. నేను తిన్నాను. వెక్కుతూ తిన్నాను. రుచిగానే ఉండింది, అదే నేను ఇప్పటికీ మింగలేని సంగతి. అవ్వను నేను ప్రేమించాను, ఆమె పోయినప్పుడు గుండె బాదుకుని ఏడ్చాను. కానీ ఆ పూట తరువాత ఆమె నన్ను మెచ్చుకుంటే మాత్రం నాకు భయమేసేది.

పోయిన వేసవిలో మా తమ్ముడు తన కూతురి మొక్కు ఉందంటే జాతరకు పోయాను. పెరళ్ళకు సిమెంటు పోశారు, గంపలు అల్లేవాళ్ళు లేరు, చెదల కుండలంటే పిల్లలు నవ్వారు. నాటుకోడి దొరకలేదని తమ్ముడు రోడ్డు పక్క అంగట్లో తెల్ల బాయిలర్ కోడిని కొనుక్కొచ్చాడు. గుడి ముందర దించితే అది నిలబడలేదు. ఒళ్ళు బరువు కాళ్ళు మోయలేక, రొమ్ము మీద కూలబడి నోరు తెరిచి రొప్పుతోంది. పక్కవాళ్ళవీ అంతే.

"ఇది నిలబడనే లేదు కదరా, తల్లికి చెల్లుతాదా?" అన్నాను.

"ఈ కాలంలో కాళ్ళు ఎవురు సూస్తారక్కా?" అన్నాడు వాడు.

నిజమే, ఎవరూ చూడలేదు. కత్తి పట్టిన కుర్రాడు సెల్‌ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఒకదాని తరువాత ఒకదాన్ని అందుకుంటూ పోయాడు. నా చిన్నప్పుడు కుంటికోడిని గంగమ్మ వద్దనేది. మా ఊళ్ళో కోడికి మిగిలిన దయ అంతే, కానీ అదైనా ఉండేది. ఇప్పుడు పెట్టెల నిండా కుంటివే వస్తున్నాయి, ఒక్కటీ వెనక్కి పోవడం లేదు.