దేవుడి కుండలో బియ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక మట్టికుండ ఉండేది. అన్నం వండబోయే ముందు మా అమ్మమ్మ రోజూ పిడికెడు బియ్యం తీసి ఆ కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం ఏసయ్య గుడికి పోయేవి. మా పేటలో క్రైస్తవుల ఇళ్ళన్నిటా అదే అలవాటు. గంజి తాగి పడుకున్న రోజైనా దేవుడి కుండ జోలికి ఎవరూ పోయేవారు కాదు. నాకైతే ఆ మూత ముట్టుకోవాలన్నా భయమే.

మాచర్ల దగ్గర నాపరాయి క్వారీల్లో పనిచేసేవాళ్ళ పేట మాది. ఒక ఎండాకాలం కలరా వచ్చింది. మేము తాగేది క్వారీ గుంటలో నీళ్ళు. యజమానుల మేడల్లో సొంత బావులు. జబ్బుకు కూడా ఆ తేడా తెలిసినట్టుంది, మా వైపే తిరిగింది. మేడల్లో ఎవరికైనా కడుపులో తిప్పితే చాలు, జీపు నరసరావుపేటకు పరుగెత్తేది. మావాళ్ళను మాత్రం బడిలో చాపలమీద పడుకోబెట్టారు. మా అమ్మ కూడా అక్కడే ఉంది.

డాక్టరు వచ్చి సూది వేసి పోయేవాడు. రాత్రింబవళ్ళు వాంతులు ఎత్తి, చాపలు కడిగి, నోట్లో నీళ్ళు పోసింది పక్క వీధి అక్క ఒక్కతే. మేడలవాళ్ళు ఆమెను దేవత అని మెచ్చుకున్నారు. ఆ దేవత మంచినీళ్ళ కోసం వెళితే గేటు తీయలేదు. మా పేటవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? బియ్యం తెచ్చి దూరంగా బండమీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేవారు. వండుకునే తీరిక ఆమెకెక్కడిది? ఇంట్లో చంటిబిడ్డ ఉందని అత్తగారు గడప తొక్కవద్దంది. చివరికి ఒకరోజు, ఇక తనవల్ల కాదని, సాయంత్రం బస్సుకు పుట్టింటికి పోతున్నానని అక్క కబురు పంపింది.

అది విని అమ్మమ్మ దేవుడి కుండ మూత తీసింది. తాతయ్య బిత్తరపోయి, అవి దేవుడి బియ్యమని గుర్తుచేశాడు.

"దేవుడికి ఆకలి కాలా. ఆ పిల్లకయింది" అంది అమ్మమ్మ.

వేడన్నం, గోంగూర పచ్చడి, రెండు కంచాలు. నేను నీళ్ళచెంబు పట్టుకుని వెనకే వెళ్ళాను. నన్ను బడి మెట్ల కిందే ఆపేసింది. మమ్మల్ని చూసి అక్క వెనక్కి జరిగింది. తన దగ్గరికి వస్తే మాకూ అంటుకుంటుందని, అక్కడ పెట్టి వెళ్ళిపొమ్మని బతిమాలింది. అమ్మమ్మ ఒక కంచం వసారాలో ఆ చివర పెట్టి, రెండోది పట్టుకుని ఈ చివర చతికిలబడింది.

"నువ్వాడ తిను, నేనీడ తింటా. నువ్వు ముద్ద ఎత్తందే నేనూ ఎత్తను."

అక్క చేతులు కడుక్కొచ్చి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏడ్చేసింది. అమ్మమ్మ ఓదార్చలేదు, ఉండిపొమ్మని అడగలేదు, లోపల పడుకున్న తన కూతురి మాటే ఎత్తలేదు.

"ఉప్పు సరిపోయిందా?" అంది, ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు.

ఆ సాయంత్రం బస్సు అక్క లేకుండానే వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు మా అమ్మ తన కాళ్ళమీద నడిచి ఇంటికొచ్చింది.

కరోనా వచ్చినప్పుడు, నేనిప్పుడు ఉంటున్న నరసరావుపేటలో, మా వీధి మేడలమీద అందరూ డాక్టర్లకూ చెత్త ఎత్తేవాళ్ళకూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మర్నాడు చెత్తబండి అమ్మాయి మంచినీళ్ళు అడిగితే, ఎదురింటివాళ్ళు కిటికీలోంచే దూరంగా పొమ్మన్నారు. ఆ పూట నేను పిడికెడు బియ్యం ఎక్కువ పోశాను. ఆమె గేటు దగ్గరి మెట్టుమీద, నేను గుమ్మంలో కుర్చీమీద. లాక్‌డౌన్ ఉన్నన్నాళ్ళూ మా మధ్యాహ్నం భోజనాలు అలాగే జరిగాయి. నాకేమీ కాకూడదని, మాస్కు దించేటప్పుడు ఆ పిల్ల అటు తిరిగేది. అందుకే ఆమె ముఖం నేను ఎన్నడూ సరిగా చూడలేదు.

ఇప్పుడు మా వీధికి చెత్తబండితో వేరేవాళ్ళు వస్తున్నారు. నేను మాత్రం ఇంకా పిడికెడు ఎక్కువే పోస్తున్నాను. కంచం ముందు కూర్చోగానే చూపు గేటువైపు పోతుంది. అది అమ్మమ్మ మీద బెంగో, ఆ పిల్ల మీద బెంగో చెప్పలేను. ఉప్పు సరిపోయిందా అని అడగడానికి ఆ మెట్టుమీద ఒక మనిషి ఉంటే బాగుండుననిపిస్తుంది.