పచ్చ అంటే ఏ పచ్చ?

మా చిన్నప్పుడు... ఒక శుక్రవారం పొద్దున్నే మా అమ్మ ఇరవై నిమ్మకాయలు పిండింది. వేలి మీది కత్తి గాటు చుర్రుమంటున్నా కూనిరాగం మాత్రం ఆపలేదు. ఆ రోజు మమ్మల్ని క్లబ్బుకు పిలిచారు మరి!

అప్పుడు మేం దుబాయ్‌లో ఉండేవాళ్ళం. దుబాయ్ అంటే మా వాళ్ళ లెక్కలో దుబాయ్... అసలు ఊరు అబుదాబి అవతలి రువైస్. నాన్న అక్కడొక కంపెనీ ఆఫీసులో టైపిస్టు. నెల్లూరు నుంచి అమ్మా, తొమ్మిదేళ్ళ నేనూ వెళ్ళి ఏడు నెలలు. కంపెనీ క్వార్టర్స్, చుట్టూ ఇసుక. పలకరిద్దామంటే చుట్టుపక్కల తెలుగు ఆడమనిషి లేదు. అమ్మ బయటికి వెళ్ళడమంటే కిటికీ దాకా వెళ్ళడమే.

నాన్న పైఅధికారిని అందరూ ముదీర్ అనేవాళ్ళు. ఐర్లాండ్ ఆయన. మార్చిలో వాళ్ళకేదో పండుగ. ముందురోజు నాన్న వచ్చి చెప్పాడు.

"అందరూ పచ్చ బట్టలు వేసుకోవాలంట. ఇంటికొక వంటకం తేవాలంట. అదీ పచ్చగానే ఉండాలంట."

"పచ్చగానా? అదెంత పని!" అంది అమ్మ.

అక్కడే మునిగింది కొంప. మా అమ్మకు పచ్చ అంటే పసుపుపచ్చ. పసుపు రాసుకున్న కాళ్ళు పచ్చగా ఉన్నాయంటాం కదా... అదీ ఆవిడ పచ్చ. నాన్న చెప్పింది ఆకుపచ్చ. ఆ "ఆకు" ఒక్కటి ముందు తగిలించడానికి ఆయనకు నోరు రాలేదు.

బల్లలు సర్దాలని నాన్న తెల్లారగానే క్లబ్బుకు పోయాడు. అమ్మ పెద్ద గిన్నె నిండా నిమ్మకాయ పులిహోర కలిపింది. అబుదాబి నుంచి ఎవరో తెచ్చిస్తే తడిగుడ్డలో చుట్టి దాచుకున్న కరివేపాకు మొత్తం వేసేసింది. పెళ్ళినాటి పసుపుపచ్చ పట్టుచీర కట్టింది. నాకు పసుపు గౌను. ఇద్దరం చెరోవైపు గిన్నె పట్టుకుని నడిచాం.

తలుపు తీస్తే... హాలంతా ఆకుపచ్చ! కాగితం తోరణాలు, టోపీలు, టైలు, అన్నీ. గోడల నిండా మూడేసి రేకుల ఆకు బొమ్మలు. "ఇది మన పులిచింతాకే కదే!" అని అమ్మ మురిసిపోయింది. బల్లల మీద మెత్తగా మెదిపిన బంగాళాదుంపల్లో కలిపిన క్యాబేజీ, ఎండుద్రాక్ష పొదిగిన సోడా రొట్టె, మాంసం పులుసు, ఆకుపచ్చ క్రీము పూసిన కేకులు. పెద్దవాళ్ళ గ్లాసుల్లో బీరు కూడా ఆకుపచ్చే. పిల్లలకు అదే రంగు షర్బత్. మధ్యలో మేమిద్దరం... పసుపు ముద్దల్లా.

ఆకుపచ్చ వేసుకోని వాళ్ళను గిల్లడం ఆ రోజు ఆచారమట. ఒక అమెరికా పిల్లాడు వచ్చి నా చెయ్యి గిల్లిపోయాడు. అది నొప్పే కాదు.

ముదీర్ మా గిన్నె మూత తీశాడు. "ఎల్లో?" అని పెద్దగా నవ్వాడు. ఎవరు తెచ్చారని అడిగాడు. పక్కనే నాన్న ఉన్నాడు. జన్మలో తాగని మనిషి, చేతిలో ఆకుపచ్చ బీరు పట్టుకుని నిలబడ్డాడు. మమ్మల్ని చూశాడు... చూసి కూడా, "నో నో సర్... ఫ్రమ్ క్యాంప్ మెస్, సర్. బై మిస్టేక్" అన్నాడు. అందరితో పాటు తనూ నవ్వాడు. నవ్వుతూనే గిన్నె తీసి బల్ల కిందికి నెట్టాడు.

అమ్మకు ఇంగ్లీషు రాదు. నాకు బడి ఇంగ్లీషు వచ్చు.

"ఏమన్నారే మీ నాన్న?" అంది అమ్మ.

"చాలా బాగుందంట అమ్మా... ముదీర్ మెచ్చుకున్నాడంట."

"మరి కింద పెట్టారేం?"

"ఎవరి చెయ్యైనా తగిలి ఒలికిపోతుందని..."

"ఏడుస్తున్నావెందుకే?"

"గిల్లారమ్మా" అన్నాను.

అమ్మ తనతో తెచ్చిన నవ్వుని చివరిదాకా మొహం మీదే ఉంచుకుంది. సాయంత్రం గిన్నె ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే చంకనెత్తుకుని నడిచింది. ఇంటి గుమ్మంలో ఆగి నాన్న చేతుల్లో పెట్టింది.

"క్యాంప్ మెస్ గిన్నె అంట కదా... అక్కడే ఇచ్చి రండి."

మెస్ అనే మాట తెలుగులోనూ మెస్సే. ఆ సంగతి నాకూ తట్టలేదు, నాన్నకూ తట్టలేదు.

నాన్న వెంట నేనూ కూలీల క్యాంపుకు వెళ్ళాను. అక్కడ కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. ఒకాయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నాన్న వైపు చూశాడు.

"గిది మా మెస్ల వంట కాదు సారూ. ఇంటి వంట. ఎవరు చేసిన్రు?"

నాన్న తల దించుకుని, "మా ఆవిడ" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ రెండు మాటలకు క్లబ్బులో ఏం రోగం వచ్చింది? ఇక్కడ ముదీర్ లేడు కాబట్టి వచ్చాయా? నలభై ఏళ్ళు దాటినా, నాన్న పోయినా, ఆ కోపం నాలో అలాగే ఉంది.

గిన్నె పది నిమిషాల్లో ఖాళీ అయింది. కడిగి ఇచ్చారు. అమ్మ దాన్ని మామూలుగానే అందుకుంది. నాలుగో రోజున నాన్నతో మాట్లాడింది కూడా... నన్నూ ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత ఆఫీసు ఉత్తరం వచ్చినా, మా టీచరు ఇంటికొచ్చినా, ఆస్పత్రిలో డాక్టరు ఏదో చెప్పినా... "ఏమన్నారే?" అని మాత్రం నన్ను ఇంకెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు మార్చి వస్తే దుబాయ్ మాల్స్‌లో ఆకుపచ్చ కేకులు కుప్పలుగా పెడుతున్నారు. అక్కడున్న మా అమ్మాయి ఫోటోలు పంపుతుంది. పచ్చ అంటే ఏ పచ్చో దానికి తెలుసుకోవాల్సిన పనే లేదు, గ్రీన్ అంటుంది, అయిపోయింది. మీ అమ్మ మిమ్మల్ని నమ్మి అడిగినప్పుడు మీరూ ఇలా ఏమైనా మార్చి చెప్పారా? ఉంటే ఇక్కడ రాయండి... అమ్మ ఉన్నవాళ్ళు మాత్రం ముందు ఆమెకు చెప్పి, తర్వాత రాయండి.