మంచివాడేనా అని అడగడానికి వెళ్లాను

చదువు కొత్తగా పూర్తయిన ఆ రోజుల్లో, ఈ దేశంలోని కోర్టులూ జైళ్లూ నేను వచ్చి బాగుచేస్తానని ఎదురుచూస్తూ కూర్చున్నాయని నాకు గట్టి నమ్మకం ఉండేది. తొంభైల మొదట్లో మాట. సోషల్ వర్క్‌లో పట్టా పుచ్చుకుని సంగారెడ్డిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. సంస్థ అంటే రెండు గదులు, ఒక ఫ్యాను, మా పెద్దసారు. (ఫ్యాను గాలి పెద్దసారు దాకానే వచ్చేది.) మొదటిసారి తప్పు చేసి పట్టుబడినవాళ్లను జైలుకు పంపకుండా, మంచి నడవడిక మీద వదిలిపెట్టే వీలు చట్టంలో ఉంది. కానీ ఆ మనిషి ఎలాంటివాడు, ఇంటి పరిస్థితి ఏమిటి, ఊళ్లో అతని పేరు ఎలా ఉంది అని ఎవరో ఒకరు వెళ్లి కనుక్కుని రావాలి. ఆ పని చూసే సర్కారు అధికారికి జిల్లా అంతా తిరిగే తీరిక ఉండేది కాదు కాబట్టి మా సంస్థ చేతిసాయం చేసేది. ఆ చేయి నాదే. నేత చీర కట్టుకుని, భుజాన గుడ్డ సంచీ తగిలించుకుని అద్దంలో చూసుకుంటే నాకే నామీద గౌరవం కలిగేది.

కాలేజీలో మాకు అన్నిటికంటే గట్టిగా నేర్పిన పాఠం గోప్యత. విచారణకు వెళ్లినప్పుడు, ఎవరి గురించి అడుగుతున్నామో ఆ మనిషి కేసులో ఉన్నాడని ఇరుగుపొరుగుకు తెలియకూడదు. తెలిస్తే కోర్టు వదిలినా ఊరు వదలదు. "అతని పరువు మీ నోట్లో ఉంటుంది, నోరు తెరిచే ముందు ఆలోచించండి" అనేవారు మా మేడం. నేను బాగానే ఆలోచించేదాన్ని. ఏం చెప్పకూడదో బాగా ఆలోచించేదాన్ని, ఏం చెప్పాలో ఆలోచించాలని ఎవరూ చెప్పలేదు.

అప్పుడు వచ్చింది లంబు కేసు. లంబు అతని అసలు పేరు కాదు. పటాన్‌చెరులో అతను కాంట్రాక్టు మీద వెల్డింగ్ పనిచేసే ఫ్యాక్టరీలో, తోటి బీహారు పనివాళ్లు అతని పొడుగు చూసి పెట్టిన పేరు. తుక్కు కుప్పలోంచి ఒక ఇత్తడి వాల్వు తీసి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని గేటు దాటబోయాడు. గేటు దగ్గర డబ్బా చేయిజారి ఖంగుమని మోగింది. కాపలావాడు "ఖోల్ డబ్బా! తేరా చావల్ ఐసే బజ్‌తా హై క్యా?" అన్నాడట, డబ్బా తెరువు, నీ అన్నం ఇలా మోగుతుందా అని. అందరూ తలా ఒక ముక్క తీసుకుపోయే చోట ఇతనొక్కడే పట్టుబడ్డాడు. (అంత పొడుగు మనిషికి దొంగతనం పనికిరాదని దేవుడే నిర్ణయించి ఉంటాడు.) జడ్జిగారు అడిగితే వకీలు నోరు తెరవకముందే "తీసిన సార్, తప్పయింది" అని ఒప్పేసుకున్నాడు. జడ్జిగారికి ముచ్చటేసి, మనిషి ఎలాంటివాడో కనుక్కుని చెప్పమని విచారణకు రాశారు. జామీను ఇచ్చేవాళ్లు లేక అతను సబ్ జైల్లోనే ఉన్నాడు.

జామీను ఎందుకు లేదంటే, తను జైల్లో ఉన్నట్టు ఊళ్లో ఒక్కరికీ తెలియనివ్వలేదు కాబట్టి. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే మేనమామ తీసుకొచ్చి పెంచాడు. ఊరు ఇంద్రేశం దాటాక వస్తుంది. మామకు ఒకతే కూతురు. ఆ పిల్ల లంబుకేనని అందరికీ తెలిసిన మాటే. ఫ్యాక్టరీవాళ్లు వేరే ఊరికి పని మీద పంపారని స్నేహితుడి చేత ఇంటికి కబురు చేయించి, ఇక్కడ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. "మేడం, మీ కాల్మొక్త. ఏమన్న అడుగుండ్రి గని, నేను గీడున్నట్టు మామకు తెల్వనియ్యకుండ్రి. తెలిస్తె పోరిని ఇయ్యడు" అన్నాడు. "నీ పరువు నా బాధ్యత" అన్నాను నేను. ఆ మాట అనడానికే అన్నాళ్లు చదువుకున్నట్టు అనిపించింది.

ఊరికి వెళ్లి ముందు కిరాణా దుకాణం ఆమెను అడిగాను. నేనెవరో చెప్పలేదు, ఎందుకు వచ్చానో చెప్పలేదు. "ఫలానా అబ్బాయి ఎలాంటివాడమ్మా? తాగుడు గిట్ల ఉందా? జీతమెంత? భూమి ఏమైనా ఉందా? ఆరోగ్యం ఎట్లుంటది?" అని వరసగా అడిగాను. ఆమె నన్ను తల నుంచి పాదాల దాకా చూసింది. చీర చూసింది, మెడ చూసింది, కాలివేళ్లు చూసింది. "అయ్యో అమ్మా, వాని సంగతి అడుగుతున్నవా? వద్దమ్మా. కల్లు కాంపౌండ్‌లనే ఉంటడు" అంది. పక్కన బీడీ తాగుతున్న ఆయన తల ఊపాడు. "కోపం ఎక్కువ. మొన్న బర్రెను గూడ కొట్టిండు" అన్నాడు. జైల్లో కాళ్లు మొక్కుతానన్న ఆ మనిషేనా వీడు అనుకున్నాను. మనుషుల్లో ఎన్ని లోతులుంటాయో అని కూడా అనుకున్నాను. (అప్పట్లో నాకు లోతుల పిచ్చి బాగా ఉండేది.)

మేనమామ ఇంటికి వెళ్తే కుర్చీ వేసి, చాయ్ ఇప్పించి, నా ప్రశ్నలన్నీ ఓపిగ్గా విన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "నా మేనల్లుడే బిడ్డా, నేనే పెంచిన. గని నీ అసొంటి సదువుకున్న పిల్లకు అబద్ధం చెప్పొద్దు కద. వానికి పని చేతకాదు. తాగుతడు. ఇంట్ల సామాన్లు గూడ పోతుంటయి. నాకే పరేషానుంది వానితోని" అన్నాడు. కన్నతండ్రిలాంటి మనిషే అంత మాటంటే ఇంకేం మిగిలింది? అంతా రాసుకున్నాను. అప్పుడే లోపలి తలుపు చాటునుంచి ఆడపిల్ల గొంతు కోపంగా వినిపించింది. "గురక గూడ పెడ్తడు! ఇల్లంత లేస్తది!" అదీ రాసుకున్నాను. ఆరోగ్యం అనే శీర్షిక కింద, "నిద్రలో గురక" అని.

తెల్లవారితే కోర్టు. ఊళ్లో విన్నదంతా జడ్జిగారికి ఉన్నదున్నట్టు చెప్పాలి గదా, ముందు అతనికైనా ఒక మాట చెబుదామని సబ్ జైలుకు వెళ్లాను. దొంగను పట్టిన ముఖం పెట్టుకుని "నువ్వు తాగుతావట గదా" అన్నాను. "నేనా? నాకు కల్లు వాసనే పడది మేడం!" "బర్రెను కొట్టావట." "మా బర్రెకు నేను గడ్డెయ్యకపోతె పాలియ్యది!" "ఇంట్లో సామాన్లు పోతున్నాయట. ఎవరో కాదు, మీ మామే చెప్పాడు." అతను ఏదో తట్టినట్టు, "మేడం, మీరు ఏమని అడిగిండ్రు?" అన్నాడు. నా ప్రశ్నలన్నీ మళ్లీ గర్వంగా అప్పజెప్పాను. సగంలోనే అతను ఊచలు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "పిల్లనిచ్చెటోల్లు అడిగినట్టే అడిగిండ్రు మేడం. మీరు నాకు సంబంధం పట్టుకొచ్చిండ్రనుకున్నరు. మంచోడంటె తీస్కపోతరని, మామ నన్ను దాసిపెట్టుకున్నడు."

నేనూ నవ్వబోయాను. రేపటి కోర్టు గుర్తొచ్చి ఇద్దరి నవ్వూ ఒకేసారి ఆగిపోయింది. ఊరి మాటను నమ్మి పిల్లాణ్ని వదిలిపెట్టాల్సిన జడ్జిగారి ముందు, ఊరంతా చెడ్డవాడంటున్న కాగితం పెట్టాలి. పోనీ మామకు నిజం చెప్పి కోర్టుకు తీసుకొద్దామా అన్నాను. లంబు ఊచల్లోంచి చేతులు బయటికి పెట్టి దండం పెట్టాడు. "వద్దు మేడం. లోపల ఎన్ని నెలలన్న ఉంట. పోరి ఉంటె సాలు."

ఆఫీసుకు వచ్చి పెద్దసారు ముందు గోప్యత గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆయన ఫ్యాను కింద నుంచి కదలకుండా విన్నాడు. "ఇగ సాలు గని, పిల్లగాడు లోపలికి పోతె ఎల్లకాలం దాగుతదా? జైలుకు పొయ్యొచ్చినోడంటె అప్పుడిస్తరా పిల్లను?" అన్నాడు. ఆ మాట నన్ను కదిలించింది. పైగా, కూతురి కోసం మేనల్లుడి మీద అన్ని అబద్ధాలు ఆడిన మనిషి అతన్ని అంత తేలిగ్గా వదులుకుంటాడా అని నా ధైర్యం. దొరికిన బస్సెక్కి మళ్లీ ఆ ఊరికి వెళ్లి, మామను పక్కకు పిలిచి అంతా చెప్పేశాను. ఆయన చేతిలో ఉన్న గడ్డిమోపు కింద పెట్టి, దాని మీదే కూర్చున్నాడు. తర్వాత "అన్నం తింటుండా ఆడ?" అని అడిగాడు.

మర్నాడు తెల్లటి ధోవతి కట్టుకుని, కిరాణా ఆమెనూ బీడీ ఆయననూ మరో నలుగురు పెద్దమనుషులనూ వెంటపెట్టుకుని సంగారెడ్డి కోర్టులో దిగాడు. నేను జరిగిన పొరపాటు విన్నవించుకుంటే జడ్జిగారు కళ్లజోడు సవరించుకుని మామను పిలిచారు. "తాగుతాడని చెప్పావట?" "అబద్ధం సార్." "ఇంట్లో దొంగతనం?" "అబద్ధం సార్." "బర్రెను కొట్టాడట?" బీడీ ఆయన వెనకనుంచి "గది నేనన్న సార్, గది గూడ అబద్ధమే" అన్నాడు. "మరి ఎందుకలా చెప్పారయ్యా?" "పోరడు బంగారం సార్. ఉన్నదున్నట్టు చెప్తె ఈ మేడం తీస్కపోతదని భయపడ్డ." కోర్టు హాలంతా గొల్లున నవ్వింది. జడ్జిగారు కాగితం అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఏడాది పాటు మంచి నడవడిక మీద, మామ పూచీ మీద లంబును వదిలేశారు. నా జీవితంలో నేను గెలిచిన మొదటి కేసు అది.

బయట హోటల్లో మామ అతనికి దగ్గరుండి మిర్చి బజ్జీలు తినిపించాడు, తలమీద చేయివేసి నిమిరాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నా కొడుకు లెక్క పెంచిన. ఇల్లు నీదే, ఎప్పటికి నీదే. గని పిల్ల సంగతి మర్సిపో బిడ్డా." లంబు తల ఎత్తలేదు. నేను కల్పించుకుని, కోర్టే నమ్మి వదిలిందని ఏదేదో చెప్పాను. ఆయన నావైపు తిరిగాడు. కోపమేమీ లేదు. "జడ్జి అంతటాయన ఏడాది సూసినంక గని నమ్మ అన్నడు. నేను ఆడపిల్ల తండ్రిని, నేను ఎన్నేండ్లు సూడాలె తల్లీ? ఊరంత ఇన్నది." ఊరంతా వినేదాకా సంగతిని తెచ్చింది నేనే కాబట్టి, నా చాయ్ నేను తాగుతూ కూర్చున్నాను.

ఏడాది పాటు నెలనెలా అతని నడవడిక చూసిరావడం కూడా నా పనే అయింది. నడవడికలో వంక పెట్టడానికేమీ ఉండేది కాదు. బర్రెకు గడ్డి వేసేవాడు, పనికి పోయేవాడు, నాకు కుర్చీ వేసేవాడు. ఆ ఏడాదిలోనే మరదలికి జోగిపేట వైపు సంబంధం కుదిరింది. పందిరికి వాసాలు లంబే కట్టాడు, నిచ్చెన కూడా అక్కర్లేకుండా. పెళ్లికొడుకు ఎలాంటివాడని మామను అడిగితే "పోయి అడిగొచ్చిన బిడ్డా. ఊరందరు మంచోడే అన్నరు" అని, భయపడుతున్నట్టు, "గదే జెర బుగులైతుంది" అన్నాడు. అప్పగింతలప్పుడు ఆ పిల్ల నన్ను దాటుకుంటూ వెళ్లింది. ఒక్కసారి చూసింది, ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

చాలా ఏళ్ల తర్వాత, అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంట్లు లేస్తున్న కాలంలో, మా చిన్న ఇంటికి గేటు చేయించుకుందామని ఒక వెల్డింగ్ షాపుకు వెళ్లాను. ముఖానికి అడ్డం పెట్టుకున్న అద్దం తీసి ఒక పొడుగాటి మనిషి లేచి నిలబడ్డాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. "మేడం!" అన్నాడు. కుర్చీ వేశాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఆ షాపు తనదే. మామను చివరిదాకా తనే చూసుకున్నాడట. మరదలు జోగిపేటలో బాగానే ఉందట. బాగానే అన్న మాటను రెండుసార్లు అన్నాడు.

చాయ్ వచ్చాక, ఎన్నాళ్లుగానో లోపల పెట్టుకున్నది అడిగేశాను. ఆ రోజు నీ మాట విని మామకు చెప్పకుండా ఉండాల్సిందా అని. అతను గ్లాసు తిప్పుతూ ఆలోచించాడు. "గది కాదు మేడం. మీరు మొదటిసారి ఊర్లెకు పోయినప్పుడు, ఫ్యాక్టరీల పర్మినెంట్ చేస్తున్నరు, గందుకు అడగొచ్చిన అన్నరనుకో. ఊరంత నన్ను దేవుడని చెప్తుండె. మీ పని అయితుండె, నా పని గూడ అయితుండె." ఎప్పుడు తట్టింది ఆ మాట అన్నాను. "జైల్ల ఉన్నప్పుడే మేడం. మీరు అటు తిరిగి పోంగనె తట్టింది. పిలిసిన. మీరు జల్దీ జల్దీ పోతున్నరు, ఇనలే."

నిజమే, న్యాయవ్యవస్థను బాగుచేసే తొందరలో ఉన్నాను. ఇప్పుడు మా సంస్థలో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం ఆ చిన్న అబద్ధమే. వాళ్లు కథ విని పడీపడీ నవ్వుతారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వి, వాళ్ల హాజరు వేస్తాను.

లేవబోతూ, మాట తేలిక చేద్దామని, "ఇంతకీ నువ్వు నిజంగా గురక పెడతావా?" అన్నాను. అతను గట్టిగా నవ్వాడు. "మా ఇంటామెను అడుగుండ్రి మేడం, పక్కకు మనిషున్నట్టే తెల్వదంటది." నవ్వు ఆగాక, కింద ఉన్న ఇనుప చువ్వను కాలితో అటు జరిపి, చిన్నగా అన్నాడు. "జోగిపేటామెకు గూడ తెల్సు మేడం. ఎండకాలమంత ఇంటిల్లిపాది వాకిట్లనే పండుకుంటుంటిమి గద."

గేటుకు కొలతలు చెప్పి ఆటో ఎక్కాను. ఆ తలుపు చాటు గొంతు దారంతా వినిపిస్తూనే ఉంది. ఆ ఊళ్లో లంబు గురించి నాకు దొరికిన అన్నిటికంటే మంచి సాక్ష్యం అది. దాన్ని తీసుకెళ్లి ఆరోగ్యం కింద రాసుకున్న ఆ నేత చీర పిల్లను, ఆ గుడ్డ సంచీని, ఆ గంభీరమైన ముఖాన్ని తలచుకుంటే నాలుగు తిట్టాలనిపించింది. తిట్టబోతే నవ్వొచ్చింది. ఆటో అతను అద్దంలోంచి చూస్తున్నాడని పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను.