రక్తం ఎక్కువైన కండక్టరమ్మ

నాలుగు నెలల సెలవు తరువాత డ్యూటీలో చేరిన రోజున, టికెట్ మిషన్ కంటే ముందు నా చేతికి బీట్‌రూట్ రసం సీసా, ఒక టిఫిన్ డబ్బా వచ్చాయి. ఇచ్చింది మా డ్రైవరన్న. దేవరకొండ నుంచి నల్లగొండకు పోయే బస్సులో ఆరేళ్లుగా కలిసి తిరుగుతున్నాం. నాకు రక్తం జబ్బని అతనికి తెలుసు. ఎలాంటి జబ్బో మాత్రం తెలియదు.

నాది రక్తం తక్కువయ్యే జబ్బు కాదు, ఎక్కువయ్యే జబ్బు. ఎముకల్లోని మూలుగ ఆగకుండా రక్తకణాలు తయారు చేస్తూనే ఉంటుంది. రక్తం చిక్కబడి గడ్డకట్టకుండా నెలకోసారి నల్లగొండలో దవాఖానకు పోయి ఒక సంచెడు తీయించుకోవాలి. రోజూ మాత్ర వేసుకోవాలి, నీళ్లు బాగా తాగాలి. రక్తం పెంచే మందుల జోలికి పోకూడదు. జీవితాంతం ఉండేదే అయినా పనికి అడ్డం కాదని డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. ఆ కాగితం చదివిన డిపో పెద్దసారు ఎర్రగా ఉన్న నా మొహం చూసి, సెలవులో బాగానే తిన్నట్టున్నావమ్మా అన్నారు.

ఇదంతా డ్రైవరన్నకు విడమరిచి చెప్పాను. అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని సాంతం విన్నాడు.

"డాక్టర్లు గట్లనే అంటరు చెల్లె. నువ్వైతే తాగు" అన్నాడు.

మల్లేపల్లి దాటేలోపు బస్సంతా తెలిసిపోయింది, అదీ అతనికి అర్థమైన తీరులో. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక మా బస్సులో కాలు పెట్టే జాగా ఉండదు. ఆధార్ కార్డు కోసం చేయి చాపితే, కార్డుకు బదులు ఖర్జూరాలో పల్లీపట్టీలో పెట్టేవారు. ఒకామె నా కనురెప్ప కిందికి లాగి చూసింది. ఎర్రగా ఉండడం ఆమెకు నచ్చలేదు. ఇంకా లోపల తెల్లగానే ఉంటుందని తేల్చేసింది.

నీళ్లు బాగా తాగడంతో ఇంకో తిప్పలు. కనగల్ వచ్చేసరికి నేను దిగక తప్పేది కాదు. మొదట్లో సిగ్గుపడుతూ బెల్లు కొట్టేదాన్ని. వారం తిరిగేసరికి, నేను బెల్లు కొట్టగానే పదిమంది ఆడవాళ్లు నా వెనకే దిగడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లూ అడగలేక ఓర్చుకున్నారట. బస్సు ఆలస్యం ఎందుకవుతోందని పెద్దసారు అడిగితే, డ్రైవరన్న ట్రాఫిక్ అని చెప్పాడు. ఆ దారిలో ట్రాఫిక్ అంటే గొర్రెల మందలే.

ఆ గొర్రెలు పెంచే ఇంటి నుంచే ఒక ముసలవ్వ రోజూ మా బస్సెక్కేది. ఒకరోజు నా పక్కన కూర్చుని అసలు సంగతి ఏమిటని అడిగింది. చెప్పాను. క్షణం ఆలోచించింది.

"గొర్రెకు పాలెక్కువైతే పిండి పారబోస్తం. లేకుంటే పొదుగు గట్టిపడ్తది. గంతే గదా బిడ్డా?"

నాలుగు నెలలుగా ఎవరికీ ఇంత బాగా చెప్పలేకపోయాను. డ్రైవరన్న బస్సు నెమ్మది చేశాడు. అద్దంలో నన్ను చూస్తూ, తీసిన రక్తాన్ని నిజంగానే పారబోస్తారా అని అడిగాడు. అవునన్నాను. మళ్లీ ఎప్పుడు తీస్తారో తేదీ అడిగి పెట్టుకున్నాడు.

రక్తం తీయించుకునే రోజు వచ్చింది. నేను మంచం మీద పడుకుని, చేతికి సూది పెట్టించుకుని ఉన్నాను. డ్రైవరన్న తన భార్యను వెంటబెట్టుకుని లోపలికి వచ్చాడు. ఆమెకు ఏళ్ల తరబడి రక్తం తక్కువట. ఆమెను నా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, చీర కొంగు సర్ది, నర్సుతో చాలా మర్యాదగా అన్నాడు:

"ఈమెకెళ్లి తీసి ఆమెకు పెట్టున్రి మేడం. నడుమల సంచెందుకు?"

నర్సు నవ్వాపుకోలేక బయటికి పోయింది. డాక్టరమ్మ వచ్చి, జబ్బున్నవాళ్ల రక్తం ఇంకొకరికి ఎక్కించకూడదని అతనికి నచ్చజెప్పింది. అతను ఆ సంచినే చూస్తూ నిలబడ్డాడు. నేను నవ్వుతుంటే చేతిలో సూది కదులుతోంది, నవ్వొద్దని డాక్టరమ్మ నన్ను కసిరింది.

అతని భార్య నా వైపు వంగింది.

"రోజూ డబ్బాల పంపిన మేకకార్జం నేనే వండిన వదినె. ఎట్లుండె? నేనైతే రుచి గూడ సూడలె, అంత నీకే కట్టిచ్చిండు."

నా నవ్వు ఆగిపోయింది. నేను తినకూడని ఆ కార్జం తిని డిపో ముందరి కుక్కలు నున్నగా తయారైన సంగతి చెప్పే ధైర్యం రాలేదు. బాగుందన్నాను. డాక్టరమ్మ ఆమెకు పరీక్షలు చేయించి, మందులు రాసింది. మరునాటి నుంచి డబ్బా ఎవరు తినాలో నేను డ్రైవరన్నకు గట్టిగానే చెప్పాను. బస్సులో నాకు వచ్చిన ఖర్జూరాలు కూడా సంచిలో వేసి ఆమెకే పంపేదాన్ని.

వానాకాలం వచ్చేసరికి ఆమె ఆయాసం లేకుండా మెట్లెక్కుతోంది. నాకు నెలకోసారి తీసేది రెండు నెలలకోసారి అయింది. ఈ మధ్య డ్రైవరన్నకే బీపీ వచ్చింది. అతని అన్నం డబ్బాలో ఉప్పు దట్టించిన మామిడికాయ తొక్కు పచ్చడి దొరికితే నేను తీసేస్తున్నాను. ఇంట్లో ఆమె తీసేస్తోంది. వారం రోజులుగా అతనికి మా ఇద్దరితోనూ మాటల్లేవు.